సగం పాటకు రాసిన నీతి

మా బడిలో తెలుగు పాఠాల చివర ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది: ఈ కథ వల్ల మీరు తెలుసుకున్న నీతి ఏమిటి? మిగతా పిల్లలు దాన్ని వదిలేసేవారు, లేకపోతే పక్కవాళ్లది చూసి దించేవారు. నాకు మాత్రం అదే ఇష్టమైన ప్రశ్న. నేను నలుగురిలో నోరు విప్పలేని పిల్లను. టీచర్ లేపి నిలబెడితే తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయేది. కాగితం ముందు కూర్చుంటే ధైర్యం వచ్చేది. కథలో నక్క కనబడితే మోసం, చీమ కనబడితే కష్టం. సగం చదివేసరికి నీతి తయారుగా ఉండేది నా దగ్గర.

మా నాయనమ్మ చెప్పే కథలకు అలాంటి ప్రశ్న ఉండేది కాదు. ఒకసారి నేనే అడిగాను.

"ఇందులో నీతేంది నాయనమ్మా?"

"నీతా? కథ అయిపోయింది, లేచి కాళ్లు కడుక్కో పో."

మాది ఉప్పల్. మెట్రో స్తంభాలు, రింగురోడ్డు, ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పనుల దుమ్ము చూసి ఉప్పల్ అంటే అంతే అనుకుంటారు చాలామంది. ఆ రోడ్డు దిగి లోపలికి నాలుగు మలుపులు తిరిగితే పాత ఊరు ఉంది. మా తాత వాళ్లు మూసీ ఒడ్డున కూరగాయలు పండించేవాళ్లట. నాకు ఊహ తెలిసేసరికి ఆ భూమి మాది కాదు. అమ్మానాన్న ఇద్దరూ నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్లు. నన్ను పెంచింది నాయనమ్మ, మేనత్త.

మేనత్త నాన్నకు చెల్లెలు. నాకు ఐదేళ్లప్పుడు బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు ఆకుపచ్చ రేకు పెట్టెతో మా ఇంటికి వచ్చింది. పండుగకు వచ్చే ఆడపిల్లలు సంచీతో వస్తారు, పెట్టెతో రారు. ఆ తేడా నాకు అప్పుడు తెలియదు. పెట్టె మూతకు ఉన్న గొళ్లెం ఊపుతూ ఆడుకోవడం ఒక్కటే గుర్తుంది. ఏమైందని ఎవరూ అడగలేదు. నాయనమ్మ గుమ్మందాకా వెళ్లి ఆమె చేతిలోంచి పెట్టె అందుకుని, "లోపట పెడ్త తియ్యి, నువ్వు మొకం కడుక్కొని అన్నం తిను" అంది. మేనత్త అన్నం తిని పడుకుంది. ఇరవై ఏళ్లయింది, ఇక్కడే ఉంది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. ఇంట్లో మనుషులు మెలకువగా ఉన్నంతసేపూ ముందు తలుపుకు గడియ పెట్టనిచ్చేది కాదు నాయనమ్మ. దగ్గరికి వేస్తే చాలు అనేది. నాన్న చికాకు పడేవాడు.

"దొంగలొస్తే ఏం జేస్తవే అమ్మా?"

"రానీ. ఆకలైతెనే గద వస్తరు. ఇంత అన్నం పెడ్త."

అది ముసలితనపు చాదస్తం అనుకునేదాన్ని.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మా గల్లీలో పాట ఎత్తేది నాయనమ్మే. మధ్యలో పూల బతుకమ్మలు పెట్టి, చుట్టూ ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఒకామె ఒక మాట ఎత్తుతుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. వాళ్లు అందుకున్నాకే ఆమె రెండో మాటకు పోతుంది. ఎత్తేవాళ్లకు ఇంకో హక్కు కూడా ఉండేది. పాత పాటలో తమ మాటలు కలుపుకోవచ్చు. ఆ ఏడు వానలు పడకపోతే ఆ సంగతి, ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే ఆ సంగతి పాటలోకి వచ్చేసేది. నాయనమ్మకు అక్షరం రాదు. అయినా గల్లీ అంతా ఆమె నోట్లోంచే వినేవాళ్లు.

మేనత్త మాత్రం ఆటకు పోయేది కాదు. తంగేడు, గునుగు, బంతి అన్నీ తనే వరుసలుగా పేర్చేది. ఆమె పేర్చినంత నిటారుగా మా గల్లీలో ఎవరి బతుకమ్మా నిలబడేది కాదు. పళ్లెం నాయనమ్మ చేతికి ఎత్తి ఇచ్చి తను మిషను దగ్గరికి వెళ్లిపోయేది. ఎందుకని అడిగితే "జాకెట్లు ఎవలు కుడ్తరు, నువ్వా?" అనేది. అసలు కారణం చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది. పెట్టెతో వచ్చిన ఆ ఏడాది మొదటి రోజు మేనత్త ఆటకు వెళ్లిందట. అందరి ముందూ ఒకామె, "ఏందే, పండుగకొచ్చినవా, ఉండనీకే వచ్చినవా?" అందట. మేనత్త చేతిలో పూలు కింద పెట్టి ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఆ గుంపులోకి వెళ్లలేదు.

నేనూ పెద్దయ్యాక ఆటలోకి వెళ్లేదాన్ని కాదు. చెప్పులకు, సద్దిపిండి గిన్నెలకు కాపలా నా పని. చేతిలో పుస్తకం ఉండేది.

పదహారేళ్లప్పుడు రామంతాపూర్ లైబ్రరీలో చేరాను. ఇంటర్ పుస్తకాల కింద కథల పుస్తకాలు దాచి చదివే రోజులు. వాటిలో ఆడవాళ్లు ఎదురు మాట్లాడేవాళ్లు, తమ దారి తాము వెతుక్కునేవాళ్లు. చదువుతూ ఉంటే నా ఒళ్లంతా నిటారుగా అయ్యేది. ఎవరితోనూ చెప్పేదాన్ని కాదు, డైరీలో రాసుకునేదాన్ని. ఆ ఉత్సాహంలోనే నాయనమ్మ పాటలు కూడా రాసిపెట్టాలనిపించింది. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను.

మధ్యాహ్నాలు ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేది. నేను ఎదురుగా పెన్నుతో.

"నువ్వు అందుకోవానే?"

"నేను రాసుకుంటున్న కద నాయనమ్మా, నువ్వు చెప్పుకుంట పో."

"ఉత్తగ చెప్తే పాట రాదే బిడ్డా. ఎవలన్న అందుకోవాలె."

నేను సిగ్గుతో నవ్వేసి ఊరుకునేదాన్ని. నా గొంతు నాకే కొత్త. చివరికి ఆమే ఎత్తుకుని, ఆమే అందుకునేది. నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. ఈనెలు తీస్తూ కాసేపు ఆగేది. నేను అసహనంగా పెన్ను మూత తీసి పెడుతూ ఉండేదాన్ని.

అలా ఒకరోజు జడ పాట మొదలుపెట్టింది. పుట్టింటికి వచ్చిన కూతురు అత్తవారింటికి బయల్దేరుతుంటే తల్లి వెనక కూర్చుని జడ వేస్తుంది. మూడు పాయలకు మూడు బుద్ధులు చెబుతుంది.

మొదటి పాయకు చెప్పె ఉయ్యాలో
మాటకు మాటనకు ఉయ్యాలో
రెండో పాయకు చెప్పె ఉయ్యాలో
ఏడుపొస్తె నోట్ల ఉయ్యాలో
కొంగు పెట్టుకో బిడ్డ ఉయ్యాలో
మూడో పాయకు చెప్పె ఉయ్యాలో
మొగడు చెయ్యెత్తితే ఉయ్యాలో
మొగులు ఉరిమిందనుకో ఉయ్యాలో

నా పెన్ను ఆగిపోయింది. మొగులంటే మబ్బు. మొగుడు కొడితే మబ్బు ఉరిమిందని అనుకోవాలా?

"ఇది తప్పు నాయనమ్మా. ఇట్లాంటి పాటలు పాడే ఆడవాళ్లు గట్ల ఉన్నరు. నేను రాయను."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని, "ఆగు బిడ్డా, ఇంకున్నది" అంది.

"ఉంటే ఉండనీ. నాకద్దు."

నోరు లేని పిల్లనని అందరూ అనేవాళ్లు, ఆమె ముందు మాత్రం నాకు ఎంత నోరుండేదో. ఆమె కోప్పడలేదు. "సరే, నీకు నచ్చినకాడికే రాసుకో" అని ఈనెలు తీయడంలో పడింది. నేను ఆ పాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి రాశాను. 'నీతి: ఇలాంటి పాటలు స్త్రీలకు బానిసత్వాన్ని నేర్పుతాయి.'

పక్క గదిలో మేనత్త మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. మొగుడి చెయ్యి తప్పించుకుని వచ్చిన కూతురిని పెట్టె అందుకుని ఇంట్లో పెట్టుకున్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆ రెండింటినీ కలిపి చూడటం నాకు తోచలేదు. పుస్తకాలు చదివేదాన్ని కదా.

అంతటితో ఊరుకోలేదు. ఆ ఏడాది మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం 'సాహిత్యం - నైతిక విలువలు'. పుస్తకాలు మనిషికి ఆత్మగౌరవం నేర్పుతాయని మూడు పేజీలు, పాత పాటలు లొంగిపోవడం నేర్పుతాయని ఒక పేజీ రాశాను. ఉదాహరణకు జడ పాట. రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ చూసి నాయనమ్మ అడిగింది.

"దేని గురించి రాసినవ్ బిడ్డా?"

"నీ పాట గురించి."

అది అబద్ధం కాదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమె ఆ సర్టిఫికెట్‌ను టీవీ పక్కన అద్దాల అల్మారాలో నిలబెట్టించింది. కూరగాయల బండి దగ్గర, నల్లా దగ్గర, కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. "నా పాట గురించి రాస్తే మా పిల్లకు ఇనాం ఇచ్చిన్రు." ఒకసారి చదివి వినిపించమంది. నేను పుస్తకాల గురించి రాసిన మూడు పేజీలు చదివి కాగితాలు మడిచేశాను. "నా పాట ఎప్పుడొస్తది?" అని అడిగింది. "అయిపోయింది కద, నువ్వు ఇన్లేదా" అన్నాను.

నాయనమ్మ పోయి నాలుగేళ్లయింది. ఊపిరితిత్తుల జబ్బు. దవాఖానాలో చివరి వారం మాట్లాడలేకపోయింది. ఆమె గొంతు నా ఫోనులో ఒకే ఒక్కచోట ఉంది. నాచారం నుంచి వస్తూ ఉన్నప్పుడు వచ్చిన వాయిస్ మెసేజ్. "వస్తా వస్తా ఇంత కొత్తిమీర పట్టుకరా బిడ్డా. వాడిపోయింది తేకు." అంతే. పాట కాదు, కథ కాదు. రెండు వందల పేజీల నోట్‌బుక్ నింపాను కానీ ఫోనులో ఒక్క పాట పట్టుకోలేదు. రాసుకుంటే చాలనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చే షేర్ ఆటోలో చెవులకు పెట్టుకుని ఆ కొత్తిమీర మాట వింటూ ఉంటాను. చుట్టూ హారన్లు మోగుతుంటే 'వాడిపోయింది తేకు' అన్నచోట ఆమె గొంతు కొంచెం నవ్వుతున్నట్టు ఉంటుంది. ప్రతిసారీ అక్కడ ఆగి మళ్లీ వెనక్కి తిప్పుతాను.

నాచారంలో మందుల డబ్బాలు అచ్చువేసే యూనిట్‌లో నా ఉద్యోగం. అచ్చుకు పోయే ముందు డబ్బా మీది ప్రతి అక్షరం సరిచూడాలి. 'పిల్లలకు అందకుండా ఉంచండి' అన్న వాక్యం రోజుకు ఎన్నిసార్లు చదువుతానో లెక్కలేదు. ఒక్క మాట పడిపోయినా డబ్బాలన్నీ వెనక్కి వస్తాయని మొదటి రోజే చెప్పారు. నాకు ఆ పని సరిపోయింది. మాట్లాడక్కర్లేదు, చదివితే చాలు.

మొన్న బతుకమ్మకు నెల ముందు ఎదురింటి ఆంటీ మా ఇంటికి వచ్చింది. వాళ్లది కోస్తా. అంకుల్‌ది సెంట్రల్ గవర్నమెంటు ల్యాబులో ఉద్యోగం. మా గల్లీకి వచ్చి ఏడేళ్లవుతోంది.

"ఏమ్మా, ఆ బాక్సుల్లో పాటలు పెట్టుకుని ఎగరడమే గానీ మా అమ్మాయికి ఒక్క బతుకమ్మ పాటా రాదు. మీ నానమ్మగారి పాటలన్నీ నీ దగ్గర ఉన్నాయటగా? ఓ నాలుగు రాసిద్దూ. పాటలతో పాటు పిల్లలకి కాస్త మంచీ చెడూ కూడా తెలుస్తాయి."

నాకు కాదనడం రాదు. తలూపాను.

ఆ సాయంత్రం నోట్‌బుక్ తీశాను. పువ్వుల పాట, వానపాట, అల్లుడి మీద వేళాకోళం పాట, అన్నీ రాసివ్వదగ్గవే. తిప్పుతూ తిప్పుతూ జడ పాట దగ్గరికి వచ్చాను. కింద నా ఎర్ర సిరా. ఎదురింటి పాపకు పదేళ్లు. ఆ పిల్ల చేతికి మబ్బు ఉరిమిందనుకోమనే మాట ఎలా ఇస్తాను? పేజీ చింపేయాలని పట్టుకున్నాను. అప్పుడు వినబడింది చెవిలో. 'ఆగు బిడ్డా, ఇంకున్నది.'

ఏముంది?

తొమ్మిదేళ్ల తర్వాత అడుగుతున్నాను. అడగాల్సిన మనిషి లేదు. అమ్మను అడిగితే బతుకమ్మ రోజుల్లో తనకు ఎప్పుడూ సాయంత్రం షిఫ్టే పడేది అంది. మేనత్తను అడిగాను. మిషను మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకేం తెల్సు? నేను పోయిందెన్నడు, ఇన్నదెన్నడు?" కాసేపటికి తనే మళ్లీ అంది. "కాప్రాల ఉంటది గద మీ నాయనమ్మ జోడి. ఎప్పుడూ పక్కనే నిలబడి అందుకునేటామె. ఉన్నదో పోయిందో. పోయి అడుగు."

ఆదివారం మధ్యాహ్నం నాచారం, మల్లాపూర్ మీదుగా కాప్రా వెళ్లాను. ఆ ముసలామెను నేను అవ్వ అనేదాన్ని. పదేళ్ల కింద ఉప్పల్‌లో ఇల్లు ఖాళీ చేసి కొడుకు వెంట వెళ్లిపోయింది. కాప్రా చెరువు దగ్గర మూడో అంతస్తులో చిన్న ఇల్లు. నేను వెళ్లేసరికి ఆమె కోడలు గబగబా కిటికీలు మూస్తోంది. గాలి జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగిందట, అక్కడి చెత్త గుట్టల వాసన.

అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిన్నదైపోయింది. నేనెవరో చెబితే మొహం తడిమింది.

"మా అత్తమ్మకు పొద్దుగాల ఏం తిన్నదో యాదుండదు, పాటలు యాదుంటయా?" అంది కోడలు.

"నీ కూర యాదుంచుకునేటట్టుంటే గద" అంది అవ్వ.

నోట్‌బుక్ తీసి జడ పాట చదివాను. మూడు పాయలూ చదివి, "దీని తర్వాత ఏముందవ్వా?" అన్నాను. ఆమె కళ్లు ఎటో చూస్తున్నాయి. మళ్లీ చదివాను, కొంచెం గట్టిగా.

"గట్ల సదివితే ఏడికెల్లి వస్తదే? గది పాటనా, దరఖాస్తా?"

మంచం పట్టె పట్టుకుని లేచింది. నా చేతిలో పెన్ను తీసి మంచం మీద పడేసింది. కోడలు "అత్తమ్మా, పడ్తవ్" అంటున్నా వినకుండా నడుం వంచి, చేతులు కలిపి ఒక చప్పట్టు కొట్టింది.

"మొదటి పాయకు చెప్పె..."

ఆగింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"అందుకోవానే?"

"నువ్వు చెప్పవ్వా, నేను ఇంటున్న."

"ఇంటే ఎట్ల? నువ్వు అందుకోకుంటే నేనేడికి పోవాలె? ఎనకనుంచి ఎవలన్న ఆసరుంటెనే ముందటి మాట వస్తది. మీ నాయనమ్మ నేర్పలే?"

నేర్పింది. చిక్కుడుకాయలు ముందు వేసుకుని రోజూ అడిగింది. నేనే వినలేదు.

కోడలు టీ కప్పులతో గుమ్మంలో నిలబడి చూస్తోంది. అవ్వ వంగినది వంగినట్టే ఉంది. నా కోసం ఆ నడుం ఎంతసేపు వంగి ఉంటుంది? "ఉయ్యాలో" అన్నాను. నాకే వినబడనంత చిన్నగా.

"ఆఁ" అని అవ్వ అడుగు వేసింది. "మాటకు మాటనకు..."

"ఉయ్యాలో."

మంచం చుట్టూ, ప్లాస్టిక్ కుర్చీ చుట్టూ తిరిగాం. రెండో పాయకు కోడలు కప్పులు కింద పెట్టి నవ్వుకుంటూ వెనక చేరింది. మూడో పాయకు ఆ నవ్వు తగ్గింది. మొగులు ఉరిమిందనుకో ఉయ్యాలో. నా పేజీ అక్కడితో అయిపోయింది. అవ్వ కాలు ఆగలేదు, చెయ్యి ఆగలేదు. వెతుక్కోకుండానే, అడుగు కింద నుంచి వచ్చినట్టు, మాట వచ్చింది.

జడ అల్లినంక ఉయ్యాలో
బిడ్డ ఎనక్కు మర్లె ఉయ్యాలో
ఓర్చుకుంటె నీకు ఉయ్యాలో
ఒరిగిందేందమ్మ ఉయ్యాలో

తర్వాత ఒక మాట దగ్గర అవ్వ తడబడింది. మళ్లీ వెనక్కి వెళ్లి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే. "గీడ ఒక మాట ఉండె. బిడ్డ అడిగితే తల్లి ఏమన్నదో... పోయింది." పోయిన మాటను 'ఊఁ ఊఁ' అని కూనిరాగంతో దాటి ముందుకు వెళ్లింది.

అల్లిన జడనంత ఉయ్యాలో
తల్లి ఇప్పేసింది ఉయ్యాలో
చెప్పిన బుద్ధులు ఉయ్యాలో
మా అమ్మ చెప్పినయి ఉయ్యాలో
నా మాట ఒక్కటే ఉయ్యాలో
నా బిడ్డ ఇనుకో ఉయ్యాలో
గడప నీదే బిడ్డ ఉయ్యాలో
గడియ పెట్ట నేను ఉయ్యాలో

అవ్వ కూర్చుంది. కోడలు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయాసం తగ్గాక అవ్వ చెప్పింది. పాత పాట మూడు పాయలతోనే అయిపోతుందట. తర్వాతి మాటలు నాయనమ్మ కలిపినవి. మేనత్త వచ్చిన ఏడాది, పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ నాడు, ఎనిమిది రోజుల ముందు ఆ మాట అన్నామెకు సరిగ్గా ఎదురుగా నిలబడి పాడిందట.

"ఒక్కరు అందుకోలేదే బిడ్డా. అందరు సప్పట్లు ఆపిన్రు. నేనొక్కదాన్నే ఉయ్యాలో అన్న. ఒక్క గొంతు ఆసర మీద ఆఖరుదాంక పాడింది. నవ్వుకుంట పాడింది ముసల్ది."

"మల్ల పాడలేదా?"

"ఎవలడిగినా మూడు పాయలకాడనే ఆపేది. మిగిలింది చెప్పవల్సినోళ్లకు చెప్పిన అనేది."

"మా మేనత్తకు తెల్సా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "అదేడుండె గాడ? ఇంట్లనే ఉండె. ఇనవల్సింది అదొక్కతే, ఇననిది గూడ అదొక్కతే."

"నాయనమ్మ ఇంటికొచ్చి చెప్పలేదా?"

"మీ నాయనమ్మనా? పాటల అన్నదంటే అన్నదే, మాటల ఎన్నడన్న అన్నదా? అయినా నువ్వుంటివి గద. దాని కొంగు పట్టుకొని, సద్దిపిండి తినుకుంట."

నేను అక్కడే ఉన్నాను. ఎంత వెతికినా గుర్తులేదు. పిండిలో బెల్లం గడ్డ తగిలిన రుచి ఒక్కటి ఏదో ఉంది, అది ఆ రోజుదో కాదో. ఆ పాట నా చెవుల మీదుగానే పోయింది. పదహారేళ్లకు మళ్లీ ఒకసారి నా చేతికి అందివ్వబోయింది. ఎవరడిగినా పాడని మాటలు, నేను అడగకుండానే. నేను ఎర్ర గీత గీశాను.

తిరుగు ప్రయాణంలో ఆటో నాచారం చౌరస్తాలో చాలాసేపు ఆగింది. ఒళ్లో నోట్‌బుక్. నా వ్యాసం గుర్తొచ్చింది. అందులో రాసినవన్నీ తప్పని ఇప్పటికీ అనుకోను. పుస్తకాలే నాకు ఎదురు ప్రశ్న నేర్పాయి. మబ్బు ఉరిమిందనుకో అన్న మాటకు నాకు కోపం వచ్చిందంటే అది చదువు వల్లే, ఆ కోపం మంచిదే. అదే కోపం నాయనమ్మకూ వచ్చింది. ఆమె పాటను చింపలేదు. వాళ్లమ్మ చెప్పిన మూడు బుద్ధులనూ ఉన్నవి ఉన్నట్టు పాడి, పక్కన తన మాట ఒకటి పెట్టింది. తర్వాత ఇంటికి వచ్చి గడియ తీసే ఉంచింది. నేను ఆ మాట చదవలేదు గానీ, ఆ తీసి ఉన్న తలుపులోంచే రోజూ బడికి పోయి వచ్చాను. సగం పాటకే నీతి రాసేసిన పిల్లను అన్నేళ్లు తలుపు తీసి పెట్టుకుని పెంచింది ఆమె.

ఇంటికి వచ్చేసరికి మేనత్త పండుగ జాకెట్ల హడావిడిలో ఉంది. దారం తెగిన ముక్కలు చీర నిండా.

"దొరికిందా?" అంది తల ఎత్తకుండా.

చదివి వినిపిద్దామని నోట్‌బుక్ తెరిచాను. మళ్లీ మూసేశాను. తలుపుకు ఆనుకుని నిలబడి, నేల చూస్తూ, మూడో పాయ నుంచి ఎత్తుకున్నాను. మేనత్త కాలు మిషను మీద ఆగిపోయింది. నేనే ఎత్తి, నేనే అందుకుని చివరిదాకా పాడాను. నాలుగు మాటలకే ఊపిరి అందలేదు. ఒక్కరే పాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

గడియ పెట్ట నేను అన్న మాట తర్వాత మేనత్త మిషను మీది జాకెట్టును చేతిలోకి తీసుకుంది.

"గిదెప్పుడు పాడింది?"

"నువ్వొచ్చిన యేడు. సద్దుల నాడు."

"అందరి ముందటనా?"

"అందరి ముందట."

"ఆమె గూడ ఉండెనా?"

"ఎదురుంగనే అట."

మేనత్త నవ్వింది. "ముసల్ది..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. మోచేత్తో కళ్లు తుడుచుకుని, "నాతోని ఒక్కనాడు అనలే. నేను బరువైన్నేమో అనుకుంట ఇరవై ఏండ్లు కుట్టిన" అంది. చేతిలో జాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. ఏం చూస్తోందో ఆమెకే తెలియదు. "ఆ హుక్కుల డబ్బా అందియ్యి."

ఇచ్చాను. రెండు హుక్కులు కుట్టింది.

"మొదటికెల్లి ఎత్తు."

"నువ్వు అందుకుంటవా?"

"ముందు ఎత్తు, సూద్దాం."

ఎత్తాను. ఆమె సూది మీద నుంచి చూపు తీయలేదు. అందుకుంది, నా కంటే చిన్న గొంతుతో. పోయిన మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కూనిరాగం తీశాం.

సద్దుల నాడు మేనత్త ఆటకు వచ్చిందని రాస్తే బాగుండేది. రాలేదు. ఎప్పటిలాగే బతుకమ్మ పేర్చి నా చేతికి ఇచ్చింది. పాట ఎదురింటి ఆంటీ ఎత్తింది, నేను రాసిచ్చిన కాగితం చూస్తూ, తన కోస్తా పలుకుతో. 'మొగులు' దగ్గర తడబడితే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నేను మొదటిసారి గుంపులో నిలబడి అందుకున్నాను. పాప నా చెయ్యి పట్టుకుని తిరిగింది. ఖాళీ మాట దగ్గర అందరూ కూనిరాగం తీస్తుంటే, మా గుమ్మం వైపు నుంచి ఒక చప్పట్టు కొంచెం ఆలస్యంగా వినబడింది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని.

నోట్‌బుక్‌లో ఎర్ర సిరా నీతిని కొట్టేయలేదు. కింద మిగిలిన పాట రాసి, పోయిన మాటకు ఒక గీత ఖాళీ ఉంచాను. ఎత్తేవాళ్లు కలుపుకోవచ్చు, ఆ హక్కు ఉంది. కొన్నిసార్లు పెన్ను పట్టుకుని కూర్చుంటాను. ఓర్చుకుంటే నీకు ఒరిగిందేందమ్మా అని కూతురు అడిగినప్పుడు ఒక తల్లి ఏమంటుంది? జడ విప్పేసే ముందు ఏమంది నాయనమ్మ? నాకు తోచిన ప్రతి మాటా నేను చదివిన పుస్తకాల్లోని మాటలాగే ఉంటుంది, ఆమెదిలా ఉండదు. పెన్ను మూసి ఫోనులో ఆ మెసేజ్ పెట్టుకుంటాను. కొత్తిమీర పట్టుకరా బిడ్డా, వాడిపోయింది తేకు. అడగాల్సింది అడగకుండా, ఉయ్యాలో అని ఒక్కసారైనా అందుకోకుండా ఎదురుగా కూర్చున్న ఆ మధ్యాహ్నాలు గుర్తొస్తాయి. ముందు గదిలో మేనత్త మిషను తొక్కుతూ ఆ పాటే తీస్తూ ఉంటుంది. ఖాళీ దగ్గరికి వచ్చి ఆగుతుంది. నేను లోపలి నుంచి అందుకుంటాను.